కప్పు మీద పేరు చాలదు: ప్రపంచ స్నూకర్ సంఘానికి బహిరంగ లేఖ

ప్రపంచ ప్రొఫెషనల్ బిలియర్డ్స్, స్నూకర్ సంఘం అధ్యక్షులకు, పాలకవర్గ సభ్యులకు,
బ్రిస్టల్, ఇంగ్లండ్.

అయ్యా,

బెల్‌ఫాస్ట్‌లో జరిగే నార్తర్న్ ఐర్లండ్ ఓపెన్ విజేతకు మీరు 2016 నుంచి అలెక్స్ హిగ్గిన్స్ పేరుతో కప్పు ఇస్తున్నారు. మంచి పనే. కానీ ఆ కప్పు మీద పేరున్న మనిషి 2010 జులై 24న అదే ఊళ్ళో, ఒంటరి వృద్ధుల కోసం కట్టిన ఫ్లాట్లలో ఒకదానిలో, మంచం మీద చనిపోయి కనిపించాడు. అప్పటికి వయసు 61. గొంతు క్యాన్సర్‌తో పన్నెండేళ్ళు పోరాడాడు గానీ చివరికి ప్రాణం తీసింది అది కాదు. పోషకాహార లోపం, న్యుమోనియా, శ్వాసనాళాల జబ్బు, పాడైపోయిన పళ్ళు. సూటిగా చెప్పాలంటే, రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయినవాడు ఒంటికి తిండి సరిగా పట్టక పోయాడు. బరువు 40 కిలోలు కూడా లేదని అప్పటి పత్రికలు రాశాయి.

విశాఖపట్నంలో ఉండే తెలుగువాడికి ఈ గొడవంతా ఎందుకని మీకు అనిపించవచ్చు. మీ ఆట పుట్టింది మా దేశంలోనే. 1875లో జబల్‌పూర్‌లో, వానాకాలం పొద్దుపోక, బ్రిటిష్ సైనికాధికారులు బిలియర్డ్స్ బల్ల మీద రంగు బంతులు చేర్చి కొత్త ఆట కనిపెట్టారు. నెవిల్ చాంబర్లీన్ అనే కుర్ర అధికారి దానికి పేరు పెడితే, నియమాలు ఊటీ క్లబ్బులో కుదిరాయి. మీ టోర్నీలు మా ఊళ్ళకీ వచ్చాయి. ఇండియన్ ఓపెన్ 2016లో హైదరాబాద్‌లో, 2017లో విశాఖలో జరిగింది. విశాఖలో గెలిచింది జాన్ హిగ్గిన్స్. ఇంటిపేరు కలిసింది గానీ ఇతను స్కాట్లండ్‌వాడు, అలెక్స్‌తో చుట్టరికం లేదు. అయినా ఆ వారమంతా నన్ను ‘ఈయన ఆ హిగ్గిన్సేనా?’ అని అడిగినవాళ్ళకు లెక్కలేదు. స్నూకర్ అంతగా తెలియని మావాళ్ళకు కూడా గుర్తున్న పేరు అది.

మీకు తెలిసిన కథే. ఈ లేఖ చదివే తెలుగువాళ్ళ కోసం చెబుతున్నాను.

అలెక్స్ హిగ్గిన్స్ 1949లో బెల్‌ఫాస్ట్‌లో కార్మికుల పేటలో పుట్టాడు. ఇంటి దగ్గర జామ్‌పాట్ అనే బిలియర్డ్స్ క్లబ్బు ఉండేది. పదకొండేళ్ళకే అక్కడ చేరి పెద్దవాళ్ళతో చిల్లర పందేలు ఆడేవాడు. మనిషి బక్కగా ఉంటాడని పధ్నాలుగేళ్ళకు గుర్రపు రౌతు అవుదామని ఇంగ్లండ్ వెళ్ళాడు. అక్కడ బీరుకీ చాక్లెట్లకీ అలవాటుపడి బరువు పెరగడంతో గుర్రాల వాళ్ళు వద్దన్నారు. తిరిగొచ్చి 1968లో ఐర్లండ్ అమెచ్యూర్ ఛాంపియన్ అయ్యాడు. 1971లో ప్రొఫెషనల్‌గా మారి, ఆడిన మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌నే గెలిచేశాడు. అది 1972. అప్పటికి అతనికి 22 ఏళ్ళు. బర్మింగ్‌హామ్‌లో మాజీ సైనికుల క్లబ్బులో ఫైనల్. గని కార్మికుల సమ్మె వల్ల దేశమంతా కరెంటు కోతలు, జనరేటర్ పెట్టి ఆడించారు. జనం బీరు పెట్టెల మీద పలకలు వేసుకుని కూర్చున్నారట. ప్రైజు 480 పౌండ్లు. ఈమధ్య షెఫీల్డ్‌లో అదే ఛాంపియన్‌షిప్ గెలిచినవాడికి మీరు ఇచ్చింది 5 లక్షల పౌండ్లు.

ఈ రెండు అంకెల మధ్య దూరం దానంతటది పెరగలేదు. టీవీ వచ్చింది, స్పాన్సర్లు వచ్చారు, నిజమే. కానీ టీవీ ముందు జనాన్ని కూర్చోబెట్టింది ఎవరు? స్టీవ్ డేవిస్ అంత తప్పుల్లేకుండా హిగ్గిన్స్ ఎప్పుడూ ఆడలేదు. రే రియర్డన్‌కు ఉన్న ఓపిక అతనికి లేదు. క్యూ కొట్టేటప్పుడు తల పైకి లేచేది, ఒళ్ళంతా ఊగేది. కోచ్‌లు పిల్లలకు చేయొద్దని చెప్పేవన్నీ అతను చేసేవాడు. అయినా బంతి పాకెట్‌లో పడేది. బల్ల చుట్టూ పరుగులాంటి నడకతో, మిగతావాళ్ళు ఆలోచించే సమయంలో రెండు బంతులు వేసేసేవాడు. అందుకే ‘హరికేన్’ అన్నారు. చొక్కా మీద బో టై కట్టుకోవాలన్న నియమం అతనికి గొంతుకు అడ్డం. కట్టుకోలేనని డాక్టరు దగ్గర చీటీ తెచ్చుకున్నాడు కూడా.

1982 ప్రపంచ ఛాంపియన్‌షిప్ సెమీ ఫైనల్ వీడియో ఇప్పటికీ దొరుకుతుంది, చూడనివాళ్ళు చూడండి. ఎదురుగా జిమ్మీ వైట్, ఇరవై ఏళ్ళ కుర్రాడు. ఫ్రేములు, అంటే విడి ఆటలు, లెక్కిస్తే 15-14తో ముందున్నాడు, ఇంకొక్క ఫ్రేమ్ చాలు. ఆ ఫ్రేమ్‌లో కూడా 59-0 ఆధిక్యం. అక్కడ హిగ్గిన్స్ బల్ల దగ్గరికి వచ్చాడు. ఒక్క బంతి తప్పితే ఇంటికి. తెల్ల బంతి వరసగా తప్పు చోట ఆగుతోంది, ప్రతిసారీ మామూలుగా ఎవరూ సాహసించని దెబ్బ కొట్టి బయటపడుతున్నాడు. అలా 69 పాయింట్లు కొట్టి, బల్ల ఖాళీ చేసి ఫ్రేమ్ లాక్కున్నాడు. చివరి ఫ్రేమ్ కూడా తనదే. ఒక్క విడతలో మామూలుగా కొట్టగల గరిష్ఠ స్కోరు 147. నాకు అలాంటి చాలా 147లకంటే ఈ 69 గొప్పదనిపిస్తుంది. ఇలా అనుకునేది నేనొక్కడినే కాదని మీకూ తెలుసు. ఫైనల్లో రియర్డన్‌తో 15-15 దగ్గర నుంచి మూడు ఫ్రేములు వరసగా గెలిచి, ఆఖరిదాన్ని 135 పాయింట్లతో బల్ల ఖాళీ చేసి ముగించాడు. ఆ తర్వాత చేతుల్లోకి తన పసిపాపను తీసుకుని ఏడ్చిన దృశ్యమే అతని గురించి ఏ కార్యక్రమంలోనైనా మొదట వేస్తారు.

ఇక రెండో వైపు. దాన్ని దాచి మీతో వాదించడం నాకిష్టం లేదు. 1986లో యూకే ఛాంపియన్‌షిప్‌లో టోర్నమెంట్ డైరెక్టర్‌ను తలతో గుద్దాడు. 12,000 పౌండ్ల జరిమానా, ఐదు టోర్నీల నిషేధం. 1990లో తన ఉత్తర ఐర్లండ్ జట్టులోనే ఆడిన డెనిస్ టేలర్‌ను కాల్పించేస్తానన్నాడు. సాయుధ ముఠాల హత్యలు సాగుతున్న ఉత్తర ఐర్లండ్‌లో ఆ రోజుల్లో ఆ మాట ఊరికే నోరు జారిన మాటగా ఎవరికీ వినిపించదు. కొద్ది వారాలకే షెఫీల్డ్‌లో పత్రికా అధికారి కడుపులో గుద్దాడు. ఆపై సీజన్ మొత్తం నిషేధం. మీరు వేసిన శిక్షల్లో ఏదీ అన్యాయమని నేననను. దెబ్బలు తిన్నవాళ్ళ వైపు నుంచి చూస్తే కొన్ని తక్కువేనేమో.

నేను అడిగేది శిక్షల గురించి కాదు. మనిషి హద్దు దాటినప్పుడల్లా మీ సంఘానికి అతని చిరునామా తెలిసేది. విచారణకు పిలిచే కాగితం, జరిమానా నోటీసు సరిగ్గా చేరేవి. ఆట అయిపోయాక, గొంతు పాడయ్యాక, ఆ చిరునామాకు ఏం చేరింది?

రేడియేషన్ వైద్యంతో పళ్ళు పోయాయి. గట్టి తిండి నమలలేడు, పసిపిల్లలకు పెట్టే మెత్తటి పదార్థాలతో కాలం గడిపాడు. జీవితంలో 30, 40 లక్షల పౌండ్లు సంపాదించి పోగొట్టుకున్నాడని అంచనా. చివరికి బతికింది వారానికి దాదాపు 200 పౌండ్ల వైకల్య భృతి మీద. 2010లో స్నేహితులు పళ్ళు కట్టించడానికి 20,000 పౌండ్లు పోగుచేయాలని నడుం కట్టారు. జిమ్మీ వైట్ వంటివాళ్ళు ముందు నిలిచారు. కానీ ఆపరేషన్ తట్టుకునే స్థితి దాటిపోయింది. పళ్ళు లేక తినలేడు, తినక నీరసం, నీరసం వల్ల పళ్ళు పెట్టలేరు. ఒక ఏడాది ముందు ఎవరైనా కదిలి ఉంటే ఈ ముడి పడేది కాదు.

ఇక్కడ మీ తరఫు మాట నాకు వినిపిస్తూనే ఉంది. ‘అతనికి డబ్బిస్తే గుర్రాల మీద పెట్టేసేవాడు. సాయం చేయబోయినవాళ్ళతోనే పోట్లాడేవాడు. డాక్టరు చెప్పిన మాట వినేవాడు కాదు.’ ఒప్పుకుంటాను. అందుకే చేతికి డబ్బు ఇమ్మని నేను అడగడం లేదు. సులభంగా ప్రేమించగలిగిన మనిషికి సాయం ఎలాగూ అందుతుంది. స్నేహితులు చాలు, సంఘం అక్కర్లేదు. సంఘం అనేది ఉండాల్సింది హిగ్గిన్స్‌లాంటి వాళ్ళ కోసమే.

ఆటలో ఉన్నవాళ్ళ విషయంలో మీరు చేయగలరని చూపించారు కూడా. 2006లో పాల్ హంటర్ క్యాన్సర్‌తో మంచాన పడితే, అతను సీజన్ మొత్తం ఆడకపోయినా ర్యాంకు పోకుండా ఉండేలా మీ సభ్యులు ఓటేసి నియమమే మార్చారు. ఆ అక్టోబరులో 27 ఏళ్ళకే అతను పోయాడు. ఆ ర్యాంకు అతనికి మళ్ళీ అక్కరకు రాలేదు. అయినా ఆ ఓటు మీ చరిత్రలో తలెత్తుకు చెప్పుకోదగ్గ విషయం. 2022-23 సీజన్ నుంచి టూర్ ఆటగాళ్ళకు ఏడాదికి కనీసం 20,000 పౌండ్ల ఆదాయం గ్యారంటీ అని ప్రకటించారు. టూర్ వ్యాపారం నడిపేది వేరే కంపెనీ అని నాకు తెలుసు, అందులో మీకు వాటా ఉందనీ తెలుసు. మొత్తానికి తలుచుకుంటే దారి దొరుకుతుందన్నమాట. అయితే ఇవన్నీ ఆడుతున్నవాడికి. క్యూ పెట్టెలో పెట్టేసిన రోజు నుంచి అతను మీ లెక్కలోంచి తప్పుకుంటాడు.

మా దేశంలో చిన్న కంపెనీ గుమాస్తాకి కూడా జీతంలోంచి పీఎఫ్ కోస్తారు. కోసినప్పుడు తిట్టుకోని ఉద్యోగి ఉండడు. యజమాని కొంత కలుపుతాడు. మధ్యలో తీసుకోవాలంటే సవాలక్ష కాగితాలు. ఆ చికాకే రిటైరయ్యాక బియ్యం కొనిపెడుతుంది. మా క్రికెట్ బోర్డు మీద మాకు వంద ఫిర్యాదులున్నాయి, కానీ మాజీ ఆటగాళ్ళకు నెలనెలా పెన్షన్ ఇస్తుంది. 2022లో దాన్ని పెంచింది కూడా. 37,500 రూపాయలు వచ్చే మాజీ టెస్ట్ ఆటగాళ్ళకు 60,000 చేశారు. మగ టెన్నిస్ ఆటగాళ్ళకు వాళ్ళ టూర్ సంస్థే పెన్షన్ పథకం నడుపుతోంది. టెన్నిస్ కూడా స్నూకర్‌లాగే ఒంటరి ఆటే. ‘మావాళ్ళు స్వతంత్రులు, మా ఉద్యోగులు కారు’ అనే సాకు అక్కడ అడ్డం రాలేదు.

కాబట్టి నా కోరిక ఇది. ప్రతి ప్రైజులోంచి చిన్న వంతు, ఛాంపియన్ నుంచి మొదటి రౌండ్‌లో పోయినవాడి వరకు అందరి దగ్గరా, పక్కకు తీయండి. ప్రసార హక్కుల సొమ్ములోంచి అంతకు అంత కలపండి. 55 ఏళ్ళ వరకు దాన్ని ముట్టుకోనివ్వకండి, తాకట్టు పెట్టనివ్వకండి. మీరు వసూలు చేసే క్రమశిక్షణ జరిమానాలను కూడా ఈ నిధికే రాయండి. హిగ్గిన్స్ విషయంలో ఆ పని జరిగి ఉంటే అతని జీవితంలో అత్యంత క్రమం తప్పని పొదుపు అదే అయ్యేది.

వైద్యం వేరే. బ్రిటన్‌లో ప్రభుత్వాసుపత్రులు ఉన్నాయి కదా అంటారు. అతనికి క్యాన్సర్ వైద్యం అక్కడే దొరికింది, కాదనను. దొరకనిది ఆ తర్వాతది: పళ్ళు, తిండి, ఆసుపత్రికి వెళ్ళనని మొండికేస్తే వెంటపడి తీసుకెళ్ళే మనిషి. అడిగినవాడికి ఇచ్చే సాయం ఒకటి, అడగనివాడిని వెతుక్కుంటూ వెళ్ళే సాయం ఒకటి. నేను రెండోదాని గురించి మాట్లాడుతున్నాను. మాజీ ఆటగాళ్ళ ఇళ్ళకు వెళ్ళి తలుపు కొట్టే ఉద్యోగిని పెట్టండి. టోర్నీకి రిఫరీలను పంపడానికి డబ్బు దొరికినప్పుడు దీనికీ దొరుకుతుంది. తలుపు తీసినవాడు తిట్టి పంపితే, వచ్చే నెల మళ్ళీ వెళ్ళాలి.

అందరి చివరి రోజులూ ఇలా ఉండవు, నిజమే. ఆరుసార్లు ఛాంపియన్ రియర్డన్ తొంభై దాటేదాకా బతికాడు, గోల్ఫ్ ఆడుకున్నాడు, డెబ్బై దాటాక రోనీ ఓసల్లివన్‌కు ఆటలో మెళకువలు చెప్పాడు. 1972లో హిగ్గిన్స్ చేతిలో ఓడిన జాన్ స్పెన్సర్‌కు 1985లో కండరాల జబ్బు వచ్చి, కళ్ళకు ఒకటి రెండుగా కనిపించి ఆట పోయింది. కానీ అతను కామెంటరీ చెప్పాడు, తర్వాత మీ సంఘానికే అధ్యక్షుడయ్యాడు. వీళ్ళిద్దరూ తమ కాళ్ళ మీద నిలబడ్డారు. నిలబడగలిగిన స్వభావం ఉన్నవాళ్ళు. స్వభావం బాగుంటేనే ముసలితనం బాగుంటుందనేది ఒక పాలకవర్గం నమ్ముకోదగ్గ విధానం కాదు.

ఇంకో విషయం అడగక తప్పదు. 1976 నుంచి 2005 దాకా మీ ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఒక సిగరెట్ బ్రాండ్ పేరు మీద నడిచింది. ఆటగాళ్ళు కెమెరాల ముందే కాల్చేవాళ్ళు. తన క్యాన్సర్‌కు కారణం పొగాకు కంపెనీలేనని హిగ్గిన్స్ బాహాటంగా అన్నాడు, కోర్టుకు లాగుతానన్నాడు. సిగరెట్ అతని నోట్లో ఎవరూ బలవంతంగా పెట్టలేదు, అదీ నిజమే. కానీ ఆ కంపెనీల డబ్బుతో పెరిగిన ఆట, ఆ పొగకు గొంతు పోగొట్టుకున్న తరం పట్ల మామూలుకంటే కొంచెం ఎక్కువే బాధ్యత మోయాలి. తర్వాత పొగాకు పోయి బెట్టింగ్ కంపెనీ వచ్చింది. మధ్యలో రెండేళ్ళు తప్ప 2009 నుంచి 2022 దాకా ఛాంపియన్‌షిప్‌కు అదే పేరు. 2023లో మ్యాచ్ ఫిక్సింగ్ వ్యవహారంలో పదిమంది చైనా ఆటగాళ్ళ మీద నిషేధం విధించారు, ఇద్దరికి జీవితకాలం. తప్పు చేసినవాళ్ళను ఏరేశారు, బాగుంది. పందేల సొమ్ముతో టోర్నీ నడుపుతూ పందేలు కాయొద్దని ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళకు చెప్పడం మాత్రం నాకు ఎబ్బెట్టుగా ఉంటుంది. మా రెండు తెలుగు రాష్ట్రాలూ ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో. అయినా యాప్‌ల వల్ల అప్పులపాలైన కుటుంబాల వార్తలు ఆగలేదు, అందుకే ఈ విషయంలో మాకు చురుకు ఎక్కువ.

ఈ నిధి బ్రిటన్ వాళ్ళకే పరిమితం కాకూడదని కూడా కోరుతున్నాను. మా ఆదిత్య మెహతా 2013లో ఢిల్లీలో ఇండియన్ ఓపెన్ ఫైనల్‌కు చేరాడు. ర్యాంకింగ్ టోర్నీ ఫైనల్ ఆడిన మొదటి భారతీయుడు. పంకజ్ అద్వానీ రెండు సీజన్లు మీ టూర్‌లో ఆడి, 2014లో తిరిగి వచ్చేశాడు. ఇక్కడి నుంచి వచ్చే కుర్రాడు విమాన టికెట్లకు, ఇంగ్లండ్‌లో గది అద్దెకు అప్పు చేసి ఆడతాడు. ఓడితే వాడి దగ్గర మిగిలేది ఆ అప్పే. వాడు రెండేళ్ళు ఆడినా, ఆ రెండేళ్ళ వంతు వాడి పేర జమ అయ్యి ఉండాలి.

బెల్‌ఫాస్ట్‌లో అతని అంత్యక్రియలకు జనం వీధుల్లో బారులు తీరారు, గుర్రపు బండి మీద శవపేటికను సెయింట్ ఆన్స్ కేథడ్రల్‌కు తీసుకెళ్ళారు. ఛాంపియన్లు వచ్చారు. చనిపోయాక ఏ లోటూ జరగలేదు.

వచ్చే నార్తర్న్ ఐర్లండ్ ఓపెన్ మొదలయ్యే లోపు ఒక్క పేజీ ప్రకటన ఇవ్వండి చాలు. యాభై దాటిన మాజీ ప్రొఫెషనల్స్‌లో ఎంతమంది చిరునామాలు ఇవాళ మీ దగ్గర ఉన్నాయి? గత ఏడాది వాళ్ళలో ఎంతమందిని మీ మనిషి ఇంటికెళ్ళి చూశాడు? వాళ్ళ వైద్యానికి, తిండికి, అద్దెకు ఎన్ని పౌండ్లు ఖర్చయ్యాయి? సున్నా అయితే సున్నా అనే రాయండి. వచ్చే ఏడాది అంకెతో పోల్చి చూసుకోవడానికి మాకు పనికొస్తుంది.

ఇట్లు,
విశాఖపట్నం నుంచి
ఒక స్నూకర్ అభిమాని